వెయ్యి లీటర్ల ట్యాంకు వద్దు, అయిదు అరల పెట్టె చేయించుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. పాలకొల్లులో రెండేళ్లుగా 200 లీటర్ల డ్రమ్ము స్మోకర్ (పొగ, వేడి కలిపి మాంసం వండే పొయ్యి) మీద ఆదివారం ఆర్డర్లు చేస్తున్నారు, ముప్పై మందికి హాయిగా సరిపోతోంది. ఇప్పుడు ఓణీల ఫంక్షన్లు, రిసెప్షన్లు, కనుమ ఆర్డర్లు వస్తున్నాయి. వంద నుంచి నూటయాభై మందికి చేయాలి. రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్‌కి వాడిన వెయ్యి లీటర్ల పాత డీజిల్ ట్యాంకు చవగ్గా దొరికింది. దాన్ని కోయించి, పక్కన ఫైర్ బాక్స్ (నిప్పు పెట్టే గది) పెట్టించి ఆఫ్‌సెట్ స్మోకర్ చేయించుకోవాలా, ఇంకేదైనా చూడాలా అని అడిగారు.

ముందు ఆ ట్యాంకు సంగతి తేల్చేద్దాం. వదిలేయండి. డీజిల్ వాసన ఎలాగోలా పోగొట్టుకోవచ్చు, అసలు భయం కోత దగ్గరుంది. ఖాళీ అయి ఏళ్లు గడిచినా అతుకుల్లో, తుప్పు పొరల కింద డీజిల్ జిగురు మిగిలే ఉంటుంది. గ్యాస్ కటింగ్ వేడికి అది ఆవిరవుతుంది. మూసి ఉన్న ట్యాంకులో ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. డ్రమ్ములూ ట్యాంకులూ కోస్తుంటే పేలి వెల్డర్లు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. తెలిసినవాళ్లు లోపలంతా కడిగి, నీళ్లు నింపి, కోసేచోట మాత్రం కొద్దిగా ఖాళీ ఉంచి పని మొదలుపెడతారు. వీధి చివరి షాపులో అంత ఓపిక పడతారని నాకు నమ్మకం లేదు.

అమెరికాలో టెక్సస్ వైపు పాత ప్రొపేన్ ట్యాంకుల్ని స్మోకర్లుగా మారుస్తారు. 250, 500, 1000 గ్యాలన్ల ట్యాంకులు. వీడియోల్లో అవి చూసే మీకీ ఆలోచన వచ్చుంటుంది. 250 గ్యాలన్లంటే సుమారు 950 లీటర్లు, అంటే ఇంచుమించు మీ ట్యాంకు సైజే. కానీ అవి గ్యాస్ ఒత్తిడి తట్టుకోవడానికి చేసినవి, గోడ మందంగా ఉంటుంది. డీజిల్ నిల్వకి చేసిన ట్యాంకుకి అంత మందం రేకు వేయరు. పైగా అందులో మధ్యలో ఎవరైనా చెరువు మందు పోశారో ఏమో ఎవరు చెప్పగలరు? తినే వస్తువు పెట్టేదాని చరిత్ర మనకి పూర్తిగా తెలిసి ఉండాలి.

ఇక సైజు దగ్గరికి వద్దాం. స్మోకర్ పెద్దదైతే జాలీ ఒక్కటే పెద్దదవదు. దానితోపాటు నిప్పు పెరగాలి, కట్టె పెరగాలి, ఆ నిప్పు దగ్గర కూర్చునే మనిషి గంటలు పెరగాలి. పెద్ద ఫైర్ బాక్స్‌లో చిన్న మంట పెడితే అది మండదు, కునుకుతుంది. కునికే కట్టె నుంచి వచ్చే తెల్లటి చిక్కటి పొగ మాంసాన్ని చేదు చేస్తుంది. మీకు నూటయాభై మంది ఆర్డరు నెలకి ఒకటో రెండో వస్తాయి. మిగతా వారాలన్నీ ముప్పై, నలభై మందే. ఆ ముప్పై మంది కోసం వెయ్యి లీటర్ల ఇనుమును వేడెక్కించాలి. అందుకే ఎప్పుడో వచ్చే పెద్ద ఆర్డరుని చూసి సైజు నిర్ణయించుకోవద్దంటాను.

ఇది నాకు నష్టపోయాకే తెలిసింది. కువైట్‌లో ఓ రెస్టారెంట్ కిచెన్‌లో ఆరేళ్లు చేసి తణుకు తిరిగొచ్చాక, అక్కడ వాడిన ఆఫ్‌సెట్ లాంటిదే కావాలని ఓ షాపులో ఆర్డరిచ్చాను. 6 ఎం.ఎం. ప్లేటు అని మాట్లాడుకున్నాం, వచ్చింది 3 ఎం.ఎం. రంగు వేసి తెచ్చారు, నేను కొలవలేదు. అక్టోబరులో వాయుగుండం పట్టిన రోజున అత్తిలి వైపు ఓణీల ఫంక్షన్, నూటనలభై మంది. తెల్లారగట్ల నాలుగింటికి వెలిగించాం. ఈదురుగాలి, సన్నటి జల్లు. ఫైర్ బాక్స్‌లో కట్టె మండుతూనే ఉంది, మాంసం ఉన్న గదిలో మాత్రం థర్మామీటరు ముల్లు 90 డిగ్రీలు దాటదు. చినుకు పడ్డచోటల్లా రేకు చుయ్యిమంటూ ఆవిరి లేస్తోంది, మేం పెట్టిన వేడంతా అలా కళ్లముందే పోతోంది. కంగారులో మా బావమరిది తడిసిన కట్టెలు కూడా తెచ్చి వేసేశాడు.

తొమ్మిదింటికి మూత ఎత్తాను. పొగగొట్టం మొదట్లో నల్లటి తారు చుక్క ఒకటి వేలాడుతోంది. చూస్తుండగానే సాగి, కింద ఉన్న కోడి రొమ్ము మీద పడింది. దాని పక్కనే అలాంటి మచ్చలు ఇంకో నాలుగు. వేలితో తుడిస్తే జిగురులా అంటుకుంది. నాలిక మీద పెట్టుకుంటే వేపాకు నయం, అంత చేదు, నాలిక మొద్దుబారిపోయింది. ఆ వైపున్న ఎనిమిది కోళ్లు పారేశాం. మిగతావి ముక్కలు కొట్టించి అప్పటికప్పుడు గ్యాస్ పొయ్యి మీద కూర వండి వడ్డించాం. ఫంక్షన్ వాళ్లు పెద్దమనసుతో ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

మీరు ఏ స్మోకర్ చేయించుకున్నా ఈ లెక్క గుర్తుంచుకోండి: 6 ఎం.ఎం. ప్లేటు చదరపు మీటరు 47 కిలోలు తూగుతుంది, 3 ఎం.ఎం. అందులో సగం. తయారైన సరుకుని వేబ్రిడ్జి మీదో, ఇనుప కొట్టు కాటా మీదో పెట్టిస్తే వాళ్లు ఏ ప్లేటు వేశారో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు నిప్పు లెక్క. 21 కిలోల కోడి మాంసాన్ని ఫ్రిజ్ చల్లదనం నుంచి 75 డిగ్రీలకి తేవడానికి, అందులోంచి నాలుగు కిలోల నీరు ఆవిరి కావడానికి ఎంత వేడి కావాలో ఒకసారి కూర్చుని లెక్క వేశాను. మంచి బొగ్గు అర కిలో కాలితే వచ్చేంత వేడి సరిపోతుంది. అందులోనూ ఎక్కువ భాగం నీరు ఆవిరవడానికే పోతుంది. మరి మనం నాలుగైదు కిలోలు ఎందుకు కాలుస్తున్నాం? మిగతాదంతా రేకు గోడల్లోంచి, పొగగొట్టంలోంచి బయటికే పోతోంది. పొగగొట్టంలోంచి పోయేదాన్ని పూర్తిగా ఆపలేం, గాలి ఆడకపోతే నిప్పే ఉండదు. గోడల్లోంచి పోయేదాన్ని మాత్రం ఆపొచ్చు. అందుకే నేను ఆఫ్‌సెట్ వదిలి, గోడల మధ్య రాక్ వూల్ (వేడిని బయటికి పోనివ్వని రాతి ఉన్ని) కూరిన నిలువు పెట్టెకి మారాను. మీకూ అదే చెబుతున్నాను.

చోటు విషయంలోనూ నిలువు పెట్టెదే లాభం. మీ డ్రమ్ము జాలీ చుట్టుకొలత కాక అడ్డం కొలవండి, 56 సెంటీమీటర్లకి అటూఇటూగా ఉంటుంది. అంటే పావు చదరపు మీటరు. కోడిని నిలువునా రెండుగా చీల్చిన సగాలు, గాలి ఆడేట్టు సర్దితే, జాలీకి నాలుగు పడతాయి. రెండు జాలీలకి ఎనిమిది, కొక్కేలకి వేలాడదీస్తే డజను. 60 సెంటీమీటర్ల అడ్డం, 180 సెంటీమీటర్ల పొడవున్న ఆఫ్‌సెట్ గొట్టం చూడ్డానికి ఏనుగంత ఉంటుంది, కానీ జాలీ ఒక చదరపు మీటరుకి అటూఇటూగానే. దాంట్లో పదిహేడు సగాలు పడతాయి, పైన ఇంకో సన్న జాలీ వేస్తే పాతిక. అదే 60 సెంటీమీటర్ల చదరం, 150 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెలో అడుగున నిప్పుకి 40 సెంటీమీటర్లు వదిలినా అయిదు అరలు వస్తాయి. అరకి ఆరు సగాలు, మొత్తం ముప్పై, అంటే పదిహేను కోళ్లు. ఆక్రమించే చోటు మాత్రం ఒక బియ్యం బస్తా పరిచినంత.

విస్తరికి పావు కోడి లెక్కన వంద మందికి పాతిక కోళ్లు కావాలి. ఈ పెట్టెలో రెండు విడతల్లో అయిపోతుంది. మీ పాత డ్రమ్ముని అమ్మకండి, పక్కనే దాన్నీ వెలిగిస్తే నూటయాభై మందికి కూడా మూడో విడత పెద్దగా అవసరం రాదు. ముప్పై మంది ఆదివారాలకి డ్రమ్మొక్కటే వెలిగించుకోవచ్చు. రెండు నిప్పులుంటే ఇంకో ధైర్యం, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఉంటుంది.

ఆఫ్‌సెట్‌ని తక్కువ చేయడం లేదండి. కట్టె మంట మీద, గాలి ధారాళంగా ఆడుతూ ఉడికిన మాంసానికి వచ్చే వాసన వేరు. రుచిలో దానిదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ ఆ మంటకి అరగంట, ముప్పావుగంటకి ఒక కట్టె అందిస్తూ మనిషి అక్కడే ఉండాలి. మీ ఇంట్లో ఆ పని ఇష్టంగా చేసేవాళ్లు ఇంకొకరుంటే, ఆర్డర్లు ఎక్కువగా మేక తొడలు, పోర్క్ లాంటి గంటల తరబడి ఉడికేవైతే, అప్పుడు చేయించుకోండి. వెయ్యి లీటర్లది మాత్రం వద్దు. పైన చెప్పిన 60కి 180 గొట్టం అయిదు వందల లీటర్లొస్తుంది. దానికి ఫైర్ బాక్స్ మూడో వంతు ఉండాలి, అంటే 60 అడ్డం, 60 పొడవు. రెంటి మధ్య దారి 800 చదరపు సెంటీమీటర్లకి తగ్గకూడదు, పొగగొట్టం 15 సెంటీమీటర్ల పైపు. అంతా 6 ఎం.ఎం.లో చేస్తే గొట్టమే 185 కిలోలు దాటుతుంది, ఫైర్ బాక్సు, స్టాండు, జాలీలు కలిపి 300 పైమాటే.

ఆ బరువు ఊరికే చెప్పలేదు. ఫంక్షన్లు మీ ఇంటి దగ్గర జరగవు కదా. మన వైపు సగం దారులు కాలవ గట్ల మీదే, ఎదురుగా ట్రాక్టరొస్తే ఒకళ్లు వెనక్కి వెళ్లాల్సిందే. నర్సాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లి వైపు దింపాలంటే ట్రాలీ మీద స్మోకర్‌తో ఎంత టెన్షనో నాకు తెలుసు. నిలువు పెట్టె 150, 160 కిలోలుంటుంది, నాలుగు చక్రాలు వేయిస్తే ఇద్దరు మనుషులు పలక మీదుగా టాటా ఏస్‌లోకి తోసేస్తారు. పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టండి, పడుకోబెడితే రాక్ వూల్ జారి పైన ఖాళీ ఏర్పడుతుంది.

తయారీకి గేట్లు, గ్రిల్స్ చేసే షాపు కంటే రైస్ మిల్లుల పని చేసే షాపు మేలు. హాపర్లు, గాలి గొట్టాలు, డ్రయ్యర్లు చేసిన చేతులకి రేకు మడత, గాలి దారి బాగా తెలుసు. మన డెల్టాలో అలాంటివాళ్లకి కొదవ లేదు. లోపలి గోడ 2 ఎం.ఎం. చాలు, బయటి గోడ 18 గేజ్, మధ్యలో రెండంగుళాల రాక్ వూల్. థర్మోకోల్, ఫోమ్ లాంటివి పెడతామంటే ససేమిరా ఒప్పుకోకండి, అవి కరిగి విషపు పొగ వస్తుంది. నిప్పు తొట్టి ఒక్కటి మాత్రం 6 ఎం.ఎం. పెట్టించండి, ముందు కాలిపోయేది అదే. జాలీలు స్టెయిన్‌లెస్ ఊచలవే ఉండాలి. జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుము) జాలీ తళతళలాడుతుంది, చవగ్గానూ వస్తుంది, కానీ బాగా వేడెక్కితే దాని మీది జింకు పొగై వస్తుంది. వంటకి అది పనికిరాదు.

తలుపు దగ్గర గాలి దూరకుండా తాడు బిగిస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ పనిచేసేవాళ్ల దగ్గర పాత ఆస్‌బెస్టాస్ తాడు చుట్టలు మిగిలి ఉండొచ్చు, ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుందండీ అని పెట్టబోతారు. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే కేన్సర్. వద్దని గట్టిగా చెప్పి గ్లాస్ ఫైబర్ తాడు తెప్పించండి. రబ్బరు కూడా వద్దు, నిప్పు వేడికి నిలవదు.

గాలి లోపలికి వచ్చే మూతలు కింద రెండు, పొగగొట్టానికి ఒకటి ఉండాలి. తలుపు బిగువుగా ఉంటే ఆ కింది మూతలు అర అంగుళం జరిపితే వేడి పెరగడం, తగ్గడం మీ చేతిలో ఉంటుంది. తలుపు వదులైతే ఎన్ని మూతలున్నా నిప్పు మన మాట వినదు. డబ్బు కట్టేముందు తలుపు మూసి, లోపల వెలిగించిన టార్చిలైటు పెట్టి, రాత్రిపూట చుట్టూ చూడండి. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ గాలి దూరుతుంది.

నిప్పుకీ మాంసానికీ మధ్య ఒక అడ్డపళ్లెం, దాని మీద నీళ్ల తొట్టి తప్పనిసరి. లేకపోతే అయిదు అరల కొవ్వు ధారగా కారి నిప్పులో పడుతుంది. ఇంకో మాట, ఒకేసారి మేక తొడలూ కోళ్లూ పెడితే కోళ్లు ఎప్పుడూ కింది అరల్లోనే పెట్టండి. పచ్చి కోడి రసం కింద ఉడికిన మాంసం మీద కారితే మొత్తం పాడు.

థర్మామీటరు తలుపుకి బిగించి ఇస్తారు. అది తలుపు దగ్గరి వేడి మాత్రమే చెబుతుంది. మాంసం పక్కన ఒక ప్రోబ్ (తీగ చివర సూదిలా ఉండే థర్మామీటరు), మాంసంలో ఒక ప్రోబ్ పెట్టుకోండి. వాటిని సరిచూసుకోవడం మనకి తేలిక, డెల్టా అంతా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే కాబట్టి తెర్లే నీళ్లలో ముంచితే 100 చూపించాలి. 96 చూపిస్తే నాలుగు కలుపుకోవాలని గుర్తు రాసి పెట్టుకోండి.

ఇక కట్టె. ఇందులో మన అదృష్టం గొప్పది, మన ఇబ్బందీ పెద్దదే. మామిడి, జామ రెండూ కోడికీ మేకకీ చక్కగా నప్పుతాయి. జామ పొగ నాకు ప్రాణం, తియ్యగా తేలిగ్గా ఉంటుంది. సరుగుడు వేడికి మంచిది. వేప, యూకలిప్టస్ దగ్గరికి రానివ్వకండి. కొబ్బరి చిప్పలు రాజుకోవడానికి దివ్యంగా పనికొస్తాయి, చిప్పల బొగ్గు అయితే ఇంకా మంచిది. కొబ్బరి డొక్కలు మాత్రం వద్దు. అంబాజీపేట వైపు ఊరికే గుట్టలుగా పడి ఉంటాయి కదా అని ఆశపడతాం. కానీ పీచు మండదు, రగులుతూ కళ్లు మండించే పొగ పెడుతుంది, మాంసానికి ఆ ఘాటు పట్టేస్తుంది.

ఇబ్బంది తేమతో. కట్టెలో తేమ 20 శాతం దాటితే వేడిలో కొంత భాగం దాన్ని ఆరబెట్టడానికే పోతుంది. మన వైపు వానాకాలం, ఆ తర్వాత తుపాన్లు, ఆ తర్వాత ధనుర్మాసం మంచు. బయట పేర్చిన కట్టె ఆరినట్టే కనబడి మళ్లీ తాగేస్తుంది. ఎండాకాలంలో కోయించి, ముంజేతి మందాన చీల్పించి, రోహిణి కార్తె ఎండలు తగలనిచ్చి, తొలకరికి ముందే పైకప్పు కిందికి చేర్చండి. కింద ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టండి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొడితే ఖణేల్‌మనాలి, దబ్బుమంటే ఇంకా ఆరలేదు.

నిలువు పెట్టెలో వేడికి బొగ్గే ప్రధానం, కట్టె వాసన కోసమే. కిలో బొగ్గులో ఉండే వేడి కిలో ఆరిన కట్టెకి దాదాపు రెట్టింపు. తొట్టిలో ఆరేడు కిలోల బొగ్గు నింపి ఒక మూల వెలిగిస్తే నా పెట్టె ఎనిమిది గంటలు నిలబడుతుంది, మధ్యలో పిడికెడంత జామ ముక్కలు గంటకి రెండు మూడు. పొగ ఎలా ఉండాలంటే, గొట్టం పైన ఆకాశం కాస్త నీలంగా వణికినట్టు కనబడాలి. తెల్లగా గుప్పుగుప్పుమని వస్తుంటే మాంసం పెట్టకండి, కింది మూతలు తెరిచి అది తేరుకునేదాకా ఆగండి. పొగ ఎంత ఎక్కువ కనబడితే అంత బాగుందని చుట్టూ చేరినవాళ్లు అంటారు, వాళ్ల మాట వినకండి. వేసవి సాయంత్రాల్లో పైరగాలి ఒక్కసారిగా లేస్తుంది, కింది మూతల వైపు గాలి సూటిగా కొట్టకుండా పెట్టె తిప్పి పెట్టుకోండి. షామియానా పక్కగుడ్డలు కట్టినచోట లోపల మాత్రం ఎప్పుడూ వెలిగించవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయాకే తెలుస్తుంది.

కోడిని 135 నుంచి 150 డిగ్రీల మధ్య చేయండి. 110 దగ్గర చేస్తే తోలు రబ్బరులా సాగుతుంది. మన షాపుల్లో అడగకపోతే స్కిన్‌లెస్ కొట్టేస్తారు, తోలుతోనే కావాలని ముందురోజే చెప్పండి. స్కిన్‌లెస్ తప్పకపోతే పెరుగు, నూనె కలిపిన మసాలా మందంగా పట్టించాలి, లేదంటే పీచై ఎండిపోతుంది. తొడలో ప్రోబ్ 74 దాటాకే తీయాలి, నేను 80 దాకా ఉంచుతాను. నాటుకోడి అడిగితే మాత్రం మర్యాదగా వద్దనండి. ముదురు పుంజు పొగలో మెత్తబడదు, దానికి పులుసే న్యాయం.

మేక తొడకి 120 దగ్గర అయిదారు గంటలు పడుతుంది. లోపల 65, 70 మధ్య ముల్లు గంట, గంటన్నర కదలదు. పై నుంచి చెమటలా తేమ ఆరుతూ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది, అందుకే ఆ నిలుపు. కొత్తవాళ్లు అక్కడే కంగారుపడి నిప్పు పెంచేస్తారు. నేను ఆ సమయానికి తొడని వాడ్చిన అరటాకులో రెండు చుట్లు చుట్టి, పైన ఫాయిల్ కప్పేస్తాను. రావులపాలెం వైపు నుంచి వచ్చే వెడల్పాటి ఆకు దొరికితే ఒక తొడకి ఒకే ఆకు సరిపోతుంది. లోపల 92, 93 వచ్చేసరికి ఎముక పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. పండుగప్ప, రొయ్య అయితే పై అరలో చివరి గంటలో పెట్టుకుంటే చాలు.

పెద్ద ఆర్డర్లకి మీకు స్మోకర్‌తో సమానంగా కావాల్సింది ఇంకోటుంది, మంచి వేడి పెట్టె. రొయ్యల ఎగుమతివాళ్లు వాడే మందపాటి గోడల ఐస్ బాక్సు ఒకటి కొత్తది కొనండి, వాడినది వద్దు, ఆ నీచు పోదు. లోపల వేడినీళ్లు పోసి అరగంట మూసి, పారబోసి, తుడిచి, ఫాయిల్ చుట్టిన మాంసాన్ని తువ్వాళ్లలో పెట్టి మూసేయండి. మూడు నాలుగు గంటలు చేయి కాలేంత వేడిగానే ఉంటుంది. కానీ ప్రోబ్ ఒకటి లోపలే ఉంచండి. 60 డిగ్రీల కిందికి జారితే వెంటనే వడ్డించేయాలి లేదా మళ్లీ వేడి చేయాలి. ఈ పెట్టె ఉంటే మొదటి విడత పదింటికి తీసి దాచి, రెండో విడత పన్నెండున్నరకి తీసి, ఒంటిగంట పంక్తికి రెండూ కలిపి వడ్డించవచ్చు. రెండు విడతలంటే మీకున్న భయం పోతుంది.

పెల్లెట్ స్మోకర్ల (కట్టె పొడి గుళికలు కాల్చేవి) గురించీ అడిగారు. కరెంటు మీద ఆధారపడేది, వంటకి పనికొచ్చే పెల్లెట్లు మన ఊళ్లలో కొట్టుకెళ్లి తెచ్చుకునేవి కావు. బాయిలర్లకి అమ్మేవి అందులో వేయకూడదు. మీ పనికి అది వద్దు.

తుప్పు గురించి ఒక్కమాట, మీకు సముద్రం దగ్గర కాబట్టి. బయట వేడి తట్టుకునే రంగు వేయించండి. లోపల మాత్రం రంగు వద్దు, నూనె పూసి కాల్చాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు మనవాళ్లు, అది ఎంత కాల్చినా గట్టి పొరగా మారదు, జిడ్డుగానే ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనె పల్చగా రాసి 200 దగ్గర రెండు గంటలు కాల్చండి, చల్లారాక ఇంకోసారి. వంట అయిన ప్రతిసారీ బూడిద ఆ రోజే తీసేయాలి. తేమ పీల్చిన బూడిద రాత్రికి రాత్రే రేకుని తినేస్తుంది.

ఆర్డరు ఇవ్వడానికి దసరా తర్వాత సమయం బాగుంటుంది. కార్తీకమాసంలో మాంసం ఆర్డర్లు ఉండవు, మీకూ తీరిక, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పరీక్షించుకోవడానికి ఇంకో నెల దొరుకుతుంది. పెట్టె వచ్చాక మొదటి కాల్పు ఖాళీగా, నూనె పూతతో. రెండోది అయిదు అరల నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 160 దగ్గర అరగంట. ఏ మూల నల్లబడిందో, ఏ మూల తెల్లగా మిగిలిందో ఫోటో తీసి పెట్టుకోండి, మీ పెట్టె స్వభావం అదే. మూడోది ఒక్క అర కోళ్లు ఇంట్లోవాళ్ల కోసం. నాలుగోసారి అయిదు అరలూ నింపండి, చుట్టాలకి పంచండి, చల్లటి మాంసం అంతా ఒకేసారి పెడితే ముల్లు ఎంత పడిపోతుందో, మళ్లీ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. నాది నలభై నిమిషాలు తీసుకుంటుంది. ఆ నిమిషాలు కలుపుకున్నాకే కనుమ రోజు ఎన్నింటికి వెలిగించాలో నిర్ణయించుకోండి. షాపువాళ్లు డ్రాయింగ్ గీసి ఇస్తే కొలతలతో పెట్టండి, చూసి చెబుతాను.